గొర్రెల కోసం ఖాళీ అయిన ఊళ్లను గడ్డే కాపాడింది

ఇంగ్లండ్ మధ్య జిల్లాల్లోనూ యార్క్‌షైర్, లింకన్‌షైర్ వైపూ గొర్రెలు మేసే కొన్ని బీళ్లు చూడ్డానికి కాస్త వింతగా ఉంటాయి. నేల చదునుగా ఉండదు, అలాగని సహజంగా వచ్చిన ఎత్తుపల్లాల్లానూ అనిపించదు. మధ్యలో పల్లంగా ఓ బాట, దానికి అటూ ఇటూ వరసగా తక్కువ ఎత్తు దిబ్బలు, వాటి వెనక పొడుగాటి దొడ్లలాంటి గళ్లు, అవి దాటాక అలలు అలలుగా పొలం. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఇవేవీ సరిగా తెలియవు, వట్టి పచ్చికే కనిపిస్తుంది. పొద్దు వాలి నీడలు పొడుగయ్యాకో, చలికాలం పొద్దున్నే నేల మీద సన్నగా మంచు పట్టినప్పుడో చూస్తే మాత్రం ఒక ఊరి నక్షా మొత్తం కళ్లముందు పరుచుకుంటుంది. ఆ పల్లపు బాట ఊరి వీధి. దిబ్బలు ఇళ్లు. వెనక గళ్లు పెరళ్లు. మధ్యయుగంలో జనం తరతరాలుగా కాపురాలు చేసి, ఒకనాటికి ఎవరూ మిగలకుండా పోయిన ఊరు అది. ఇలాంటి చోటుకి తెలుగులో పాటిదిబ్బ అనే మంచి మాట ఉంది. ఇంగ్లండ్‌లో ఇవి ఒకటీ అరా కావు, ఇప్పటిదాకా లెక్కకొచ్చినవే సుమారు 3,000.

ఇంత పెద్ద సంఖ్య చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. 1940లలో కూడా ఇంగ్లండ్‌లో పాడుపడ్డ ఊళ్లు చాలా అరుదని పేరున్న ఆర్థిక చరిత్రకారులే అనుకునేవాళ్లు. మారిస్ బెరెస్‌ఫోర్డ్ అనే యువ చరిత్రకారుడు పాత పొలాల పటాలు చేతపట్టుకుని నేల మీద తిరగడం మొదలుపెట్టాక ఈ లెక్క తలకిందులైంది. పన్నుల రికార్డుల్లో ఊరుంటుంది, ఇప్పటి మ్యాపులో ఉండదు. సరే అని అక్కడికి వెళ్లి చూస్తే గడ్డి కింద వీధులు. 1948లో ఆయన యార్క్‌షైర్ కొండల్లోని వారమ్ పెర్సీ అనే చోటు చూశాడు. 1950లో అక్కడ తవ్వకం మొదలైంది, 1952లో జాన్ హర్స్ట్ అనే పురావస్తు శాస్త్రవేత్త తోడయ్యాడు. అక్కణ్నించి 1990 దాకా ప్రతి వేసవిలోనూ తవ్వుతూనే ఉన్నారు. నలభై ఏళ్లు, ఒక్క చిన్న ఊరి కోసం. రాజులు కట్టించిన కోటో మఠమో అయితే అంత కష్టపడటంలో వింత లేదు, కానీ ఇక్కడ వాళ్లు వెతికింది మామూలు రైతుల ఇళ్లను. అప్పట్లో చాలామంది పురావస్తు శాస్త్రవేత్తలు వాటిని తవ్వడానికి తగినవని కూడా అనుకోలేదు.

పాడుపడ్డ ఊరు అనగానే ఎవరి నోటికైనా మొదట వచ్చే మాట ప్లేగు. 1348లో ఇంగ్లండ్‌లో అడుగుపెట్టిన ఆ మహమ్మారి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిందని, ఈ దిబ్బలన్నీ దాని పనేనని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తుంటారు. కొన్ని ఊళ్ల విషయంలో ఇది అక్షరాలా నిజం. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని టిల్‌గార్స్‌లీకి పన్ను వసూలుకి వెళ్లినవాళ్లు, అక్కడ 1350 నుంచి ఒక్కరూ లేరు, పన్ను ఎలా రాబట్టాలని 1359లో చేతులెత్తేశారు. అదే జిల్లాలోని టస్‌మోర్‌లో రైతులంతా పోయారు కాబట్టి ఊరి భూమిని భూస్వామి కంచె వేసి కలిపేసుకోవడానికి 1357లో అనుమతి దొరికింది. అయితే ఇలా ఒక్క దెబ్బకి పోయిన ఊళ్లు చాలా తక్కువ. మిగతావాటి పేర్లు ప్లేగు తర్వాత కూడా కాగితాల్లో కనిపిస్తూనే ఉంటాయి. 1086లో రాజు భూములన్నీ లెక్క రాయించిన డూమ్స్‌డే సర్వేలో ఊరి పేరుంటుంది, 1334 పన్నులో ఉంటుంది, 1377లో వేసిన తలపన్నులో కూడా ఉంటుంది, కాకపోతే తలలు తగ్గుతాయి. ఇంకో వంద, నూటయాభై ఏళ్లకి ఊరంతటికీ పన్ను కట్టేవాడు ఒక్కడే మిగులుతాడు, వాడు కూడా తరచూ గొర్రెల మంద ఉన్న పెద్ద ఆసామే అయ్యుంటాడు. వారమ్ పెర్సీ కథా అంతే. ప్లేగు వచ్చిపోయాక కూడా అక్కడ జనం దాదాపు నూటయాభై ఏళ్లు బతికారు.

మరి ప్లేగు చేసిందేమిటి? అది ఊళ్లను నేరుగా చంపిన దానికంటే వాటి కాళ్ల కింద నేలను కదిపేసింది అనడం సరైనది. 1348కి ముందు ఇంగ్లండ్ జనాభా 50 లక్షల దాకా ఉండొచ్చని అంచనా, 1377 నాటికి 25 లక్షల చుట్టుపక్కలకి పడిపోయింది. సగం మంది లేరు, భూమి మాత్రం అంతే ఉంది. నిన్నటిదాకా రాతినేలలో ఎకరం ముక్క కోసం కొట్టుకున్న రైతుకి ఇప్పుడు పక్క ఊళ్లో మంచి రేగడి ఖాళీగా కనపడుతోంది, అక్కడి భూస్వామి తక్కువ కౌలుకే ఇస్తానంటున్నాడు. కూలి రేట్లు పెరిగిపోయాయి. పాత రేట్లకే పని చెయ్యాలని 1351లో చట్టం తెచ్చినా అది పెద్దగా పారలేదు. జనం లేచిపోవడం మొదలైంది. ముందు బతుకు మెరుగ్గా లేని ఊళ్లు పలచబడ్డాయి: నేల బాగోలేనివి, కొండ మీదవి, చిన్నవి. ఇరవై ఇళ్ల ఊళ్లో ఎనిమిది ఇళ్లు ఖాళీ అయితే మిగిలిన పన్నెండు ఇళ్లకి ఊరు నడపడమే కష్టమైపోతుంది, ఎందుకంటే అప్పటి వ్యవసాయం ఉమ్మడిది. దున్నేటప్పుడు ఎద్దుల్ని కలుపుకోవాలి, ఏ పొలం ఈ ఏడు బీడు వదలాలో అందరూ కలిసి అనుకోవాలి, కోత అయ్యాక పశువులన్నీ ఒకేచోట మెయ్యాలి. కొందరు వెళ్లిపోతే మిగిలినవాళ్లకి కూడా ఉండబుద్ధి కాదు. క్రిస్టఫర్ డయర్ లాంటి చరిత్రకారులు గట్టిగా చెప్పేది ఇదే: చాలా ఊళ్లను భూస్వామి తరిమెయ్యక ముందే సొంత మనుషులు వదిలేశారు.

ఆ తర్వాత గొర్రెలు వచ్చాయి. తినే నోళ్లు తగ్గాయి కాబట్టి ధాన్యం ధర పడిపోయింది, ఉన్నికి మాత్రం మంచి గిరాకీ. గోధుమ పండించాలంటే ఊరంతా కావాలి, ఊరి పొలం మొత్తాన్ని పచ్చిక చేసేస్తే ఒక కాపరి, ఒక కుక్క చాలు. 15వ శతాబ్దంలో భూస్వాములు ఈ లెక్క వేసుకున్నారు. సగం ఖాళీ అయిన ఊళ్లో మిగిలిన నాలుగైదు కుటుంబాల్ని పంపించేసి, ఇళ్లు కూల్చి, పొలాల చుట్టూ కంచెలు కట్టేశారు. వార్విక్‌కి చెందిన జాన్ రౌస్ అనే మతగురువు తన చుట్టుపక్కల ఇలా నాశనమైన దాదాపు 60 ఊళ్ల పేర్లు రాసిపెట్టాడు. 1459లోనే పార్లమెంటుకి మొరపెట్టుకున్నాడు కూడా, ఎవరూ పట్టించుకోలేదు. 1489లో ఇళ్లు కూల్చకూడదని చట్టం వచ్చింది, 1517లో రాజు తరఫున పాలన నడిపే కార్డినల్ వోల్సీ విచారణ సంఘాల్ని వేశాడు. అప్పటికే చాలా ఆలస్యమైంది. ఊళ్లు ఎక్కువగా ఖాళీ అయింది 1450 నుంచి 1485 మధ్య, విచారణేమో 1488 తర్వాత జరిగినవాటి మీద. అంటే అసలు నష్టం ఆ కాగితాలకు ఎక్కనే లేదు. వారమ్ పెర్సీ చివరి దశ మాత్రం వాటిలో చిక్కింది: భూస్వామి బారన్ హిల్టన్ అక్కడ నాలుగు ఇళ్లు పడగొట్టాడని, నాలుగు నాగళ్లు ఆగిపోయాయని ఉంది. ఐదారు వందల ఏళ్లు బతికిన ఊరు చివరి ఘడియకి నాలుగు ఇళ్లకి కుంచించుకుపోయి ఉంది, కాగితం చెప్పేది ఆ నాలుగింటి కథే. అంతకుముందు ఒక్కొక్కటిగా తలుపులు మూసుకున్న ఇళ్ల కథ చెప్పగలిగింది నేలొక్కటే.

ఆ నేల ఇన్నాళ్లు చెక్కుచెదరకుండా ఎలా ఉందో గమనిస్తే మనసు చివుక్కుమంటుంది. దున్నే నేల ఏదీ దాచుకోదు, నాగలి ఏటేటా దిబ్బని కోసి పల్లాన్ని పూడుస్తుంది. పచ్చిక అలా కాదు. గడ్డి వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి, గొర్రెలు పైపైన కొరుక్కుతింటాయి, పొదలు పెరగనివ్వవు. ఏ గొర్రెల కోసం మనుషుల్ని వెళ్లగొట్టారో ఆ గొర్రెలే ఆ మనుషుల ఇళ్ల గుర్తుల్ని ఐదు వందల ఏళ్లు కాపాడాయి. జర్మనీలో ఈ పని అడవి చేసింది. అక్కడ ఇలాంటి చోటుని వూస్టుంగ్ అంటారు, మధ్యయుగం చివర్లో అక్కడ ఖాళీ అయిన ఊళ్ల నిష్పత్తి ఇంగ్లండ్‌కంటే ఎక్కువే. చెట్లు కమ్ముకున్న చోట పాత పొలాల గట్లు ఇప్పటికీ చెట్ల మధ్య సాగిపోతూ కనిపిస్తాయి.

అన్నిటికంటే ఎక్కువగా మిగిలింది ఇల్లూ కాదు, గుడీ కాదు, దున్నిన పొలం. ఆ అలల్లాంటి గట్ల దగ్గర కాసేపు ఆగాలి. అప్పటి బరువు నాగలి మట్టిని ఎప్పుడూ కుడి పక్కకే తిరగేసేది. రైతు తన పట్టీ, అంటే తన వంతుకొచ్చిన సన్నటి పొడుగు పొలం ముక్క, మధ్యగీత చుట్టూ తిరుగుతూ దున్నుతాడు, దాంతో మట్టి ఏడాదికింత చొప్పున మధ్యకి చేరి గట్టుగా లేస్తుంది, పట్టీకీ పట్టీకీ మధ్య చాలు లోతవుతుంది, వాననీళ్లు ఆ చాల్లోంచి పోతాయి. ఇంకా గమనించాల్సింది ఆ గట్ల వంపు. పైనుంచి చూస్తే తిన్నగా ఉండవు, పాములా మెల్లగా రెండు వైపులా వంగి ఉంటాయి. నాగలికి కట్టే పెద్ద బారులో ఎనిమిది ఎద్దులుండేవి, అంత పొడుగు బారుని పొలం చివర ఒక్కసారిగా తిప్పడం కుదరదు, అందుకని చివరికి చేరకముందే ఎడమకి మళ్లించడం మొదలుపెట్టేవాళ్లు. ప్రతి ఏడూ అదే మలుపు. ఆ పొలం ఆకారంలో ఇవాళ కనిపించేది ఎద్దుల నడక. తిన్నగా, సన్నగా ఉన్న గట్లు కనిపిస్తే అవి మధ్యయుగానివి కావని, 19వ శతాబ్దంలో దున్నినవి కావచ్చని తెలిసినవాళ్లు చూడగానే చెప్పేస్తారు.

వీధి కూడా అలాగే పుట్టింది. ఆ పల్లపు బాటని ఎవరూ తవ్వలేదు. పశువులు, బండి చక్రాలు, మనుషుల కాళ్లు వందల ఏళ్లు తొక్కితే, వాన ఆ మట్టిని కడుక్కుపోతే అంత లోతైంది. వారమ్ పెర్సీ తవ్వకాల్లో ఇంటి లోపల కూడా ఇదే కనిపించింది. మట్టి నేల మధ్యలో గుంటలు పడి పళ్లెంలా ఉంది, మొదట ఎందుకో అర్థం కాలేదు. చీపురుతో ఊడ్చి ఊడ్చి అరిగిపోయింది. మధ్యయుగపు రైతు అంటే పందులతో కలిసి మురికిలో పడుండేవాడని పుస్తకాలు వేసిన బొమ్మని ఆ అరిగిన నేల ఒక్కటే చెరిపేస్తుంది. రోజూ పొద్దున్నే ఎవరో ఊడ్చారు, వాళ్ల తర్వాత వాళ్ల కూతురో కోడలో ఊడ్చింది. అందుకే ఇళ్లలో వస్తువులు తక్కువ దొరికాయి, పెంకులూ ఎముకలూ అన్నీ పెరట్లోకి, పేడదిబ్బ మీదకి పోయాయి. పేడతో పాటు పొలానికి వెళ్లాయి. ఇవాళ దున్నిన చేలో ఎక్కడో ఒక్కో కుండపెంకు దొరికితే అది ఎరువుతో వచ్చింది, అడుగడుక్కీ దొరుకుతుంటే అక్కడ ఇల్లుండేది. ఈ చిన్న తేడా పట్టుకుని పొలాల్లో వరసగా నడుస్తూ ఊరి హద్దులు గీసేవాళ్లున్నారు.

ఇళ్ల గురించి అభిప్రాయం మారడానికి ఇంకా టైం పట్టింది. గోడలు మళ్లీ మళ్లీ కట్టిన ఆనవాళ్లు చూసి, ఇవి తరానికోసారి కూలిపోయే నాసిరకం గుడిసెలని మొదట తేల్చేశారు. తర్వాత స్టూవర్ట్ రాత్‌మెల్ అనే పురావస్తు శాస్త్రవేత్త అవే ఆధారాల్ని మళ్లీ పరిశీలించి, కప్పు బరువు మోసేది జతలుగా నిలబెట్టిన వంపు దూలాలని, గోడలు వట్టి అడ్డుతెరల్లాంటివని చూపించాడు. అంటే గోడ పాడైతే మార్చుకుంటారు, ఇల్లు మాత్రం నిలబడే ఉంటుంది. అక్కడే తాళాలూ తాళంచెవులూ దొరికాయి, సముద్రం దగ్గర లేకపోయినా సముద్రపు చేపల ముళ్లు దొరికాయి. దాచుకోవడానికి ఏదో ఉంది, సంతలో కొనుక్కోవడానికి చేతిలో డబ్బూ ఉంది.

అయినా బతుకు తేలికని అనడానికి లేదు. ఊరి గుడి, అంటే చర్చి, ఆవరణలో తవ్విన 687 అస్థిపంజరాలు ఇంకో మాట చెబుతాయి. వారమ్ పెర్సీలో పద్నాలుగేళ్ల పిల్లవాడి ఎత్తు ఇప్పటి పదేళ్లవాడి ఎత్తు చుట్టుపక్కలే. తల్లులు ఏడాదిన్నర దాకా పాలిచ్చారని ఎముకల రసాయన పరీక్షల్లో తేలింది, ఆ పాలు ఆగాకే పిల్లల ఎదుగుదల వెనకబడింది. వీటికి తోడు గుడికి దూరంగా, ఇళ్ల మధ్య గోతుల్లో 137 ఎముక ముక్కలు దొరికాయి. కనీసం పది మందివి, 11 నుంచి 14వ శతాబ్దం వరకు కాలానికి చెందినవి, చనిపోయాక కత్తితో కోసి కాల్చినవి. 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం వీళ్లు బయటివాళ్లు కారు, పళ్లలోని రసాయనాలు ఈ ప్రాంతపువే. చచ్చినవాళ్లు లేచి తిరుగుతారన్న భయంతో ఊరివాళ్లే ఇలా చేసి ఉంటారన్నది ఆ పరిశోధకులకి ఎక్కువ సబబనిపించిన వివరణ. కరువులో తినడానికి కోశారేమో అన్న అనుమానాన్ని కూడా వాళ్లు పరిశీలించారు, కానీ కోతలు ఎక్కువగా తల, మెడ దగ్గర ఉన్నాయి, మాంసం కోసమైతే కండ పట్టుకునే చోట ఉండాలి.

ఊరు పెరగడం, తరగడం రెండూ ఒకేచోట చూడాలంటే అక్కడి సెయింట్ మార్టిన్ గుడి దగ్గరికి వెళ్లాలి. జనం పెరిగిన 12, 13 శతాబ్దాల్లో గుడికి రెండు పక్కలా వసారాలు కట్టి, పాత గోడల్ని కమానులుగా తెరిచారు. జనం తగ్గాక ఆ వసారాల్ని పడగొట్టి కమానుల మధ్య రాళ్లు పేర్చి మూసేశారు. ఇవాళ పైకప్పు లేని ఆ గోడ ముందు నిలబడితే మూసేసిన కమానులు అలాగే కనిపిస్తాయి. ఊరు పోయాక కూడా గుడి పనిచేసింది, పక్క ఊరు థిక్సెండేల్‌కి 1870 దాకా సొంత గుడి లేదు కాబట్టి వాళ్లు కొండ దాటి ఇక్కడికే నడిచొచ్చేవాళ్లు. ఆఖరి ప్రార్థన 1949లో జరిగింది. అప్పటికి ఊరు లేక 450 ఏళ్లు.

అన్ని ఊళ్లనీ గొర్రెలే మింగలేదు. లింకన్‌షైర్‌లోని రెవ్స్‌బీలో 1142లో మఠం కట్టడానికి మూడు ఊళ్లను లేపేశారు, వేరేచోట భూమి తీసుకుంటారా, స్వేచ్ఛగా వెళ్లిపోతారా అని అడిగితే ఎక్కువమంది వెళ్లిపోవడాన్నే ఎంచుకున్నారు. నైరుతి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ ఎత్తు నేలల్లో హౌండ్ టోర్ దగ్గర గ్రానైటు రాయితో కట్టిన పొడుగు ఇళ్లు మోకాలెత్తు గోడలతో ఇప్పటికీ ఉన్నాయి, ఒక చివర మనుషులు, ఇంకో చివర పశువులు. అక్కడ గింజలు ఆరబెట్టే బట్టీలు బయటపడ్డాయి. ఎండకి పంట ఆరని చోట వ్యవసాయం చేశారన్నమాట, అంత ఎత్తులో అంతకంటే గతి లేకే ఎక్కారు, కింద భూమి ఖాళీ అవగానే దిగిపోయారు.

నోటిమాటగా వచ్చిన కథల్ని మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. లింకన్‌షైర్‌లోని గెయిన్స్‌థార్ప్ గురించి, అది దొంగల ఊరని, విసిగిపోయిన చుట్టుపక్కల వాళ్లు వచ్చి నేలమట్టం చేశారని చెప్పుకునేవాళ్లు. 17వ శతాబ్దం చివర్లో అబ్రహాం డి లా ప్రైమ్ అనే పండితుడు అక్కడికి వెళ్లి పునాదులు చూసి ఆ కథ నమ్మలేదు, ఊరు దానంతటదే క్షీణించి ఉంటుందని రాశాడు. ఊరు పోయిన రెండు మూడు వందల ఏళ్లకే అసలు కారణం జనం మరిచిపోయి, దాని స్థానంలో తప్పంతా ఊరివాళ్లదే అనే కథ అల్లేశారు, ఇది చదివినప్పుడల్లా బాధగానే ఉంటుంది. 1925లో పురావస్తు శాస్త్రవేత్త ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ విమానం నుంచి తీసిన ఫొటోతో గెయిన్స్‌థార్ప్ మళ్లీ వెలుగులోకి వచ్చింది, వీధులూ ఇళ్ల గదులూ విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా.

విమానం చేసిన పని ఇప్పుడు లైడార్ చేస్తోంది. పైనుంచి లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తుని అంగుళాల తేడాతో కొలిచే పద్ధతి ఇది, చెట్లున్న చోట ఆకుల సందుల్లోంచి దిగిన కిరణాలతో నేలని విడిగా గీస్తుంది. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ తన లైడార్ డేటాని 2015లో అందరికీ ఉచితంగా తెరిచింది. దాంతో ఎవరైనా ఇంట్లో కూర్చుని, కంప్యూటర్లో సూర్యుణ్ని ఏ దిక్కున కావాలంటే ఆ దిక్కున పెట్టి నీడలు వేయించి చూసుకోవచ్చు. అంత దూరం పోకపోయినా మామూలు మ్యాపే చాలా చెబుతుంది: చుట్టూ ఇళ్లు లేకుండా పొలంలో ఒంటరిగా నిలిచిన గుడి, నాలుగు దిక్కుల నుంచి వచ్చి ఏమీ లేని చోట కలిసే కాలిబాటలు, ఊరు లేకపోయినా ఊరి పేరుతో మిగిలిన పొలం. గుట్టలుగా దురదగొండి మొక్కలు ఉంటే ఆ మట్టిలో భాస్వరం ఎక్కువని గుర్తు. మనుషులు, పశువులు చాలాకాలం ఉన్న చోట అది మిగిలిపోతుంది.

అయితే గడ్డి కాపాడినవాటిలో పెద్ద భాగం గత డెబ్భై ఎనభై ఏళ్లలోనే పోయింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఆహారం కోసం పచ్చిక బీళ్లని ట్రాక్టర్లతో దున్నేశారు, మధ్య జిల్లాల్లో ఎద్దులు వేసిన ఆ వంపు గట్లు చాలామటుకు అలాగే చదునైపోయాయి. ఐదు శతాబ్దాలు నిలిచిన ఊరి నక్షా చదునవ్వడానికి నాలుగైదు దున్నకాలు చాలు. అలాంటి చోట పైన మిగిలేది పెంకులే, అవి కూడా ఏటేటా నాగలి కింద పడి ఇంకా చిన్న ముక్కలవుతాయి. నాగలి అందని లోతులో మాత్రం కొంత ఉంటుంది. పెరళ్ల మధ్య హద్దుగా తవ్విన కాలవలు ఎప్పుడో పూడిపోయినా, ఆ పూడిన మట్టి చుట్టుపక్కల మట్టికంటే తడిని ఎక్కువ పట్టుకుంటుంది. మామూలు ఏడాదిలో ఆ తేడా పైకి తెలియదు. 2018 వేసవిలో బ్రిటన్‌లో వానలు మొహం చాటేసి పొలాలు ఎండిపోయినప్పుడు, కాలవల మీద పైరు మాత్రం పచ్చగా నిలిచింది, గోడ పునాదులున్న చోట గడ్డి ముందే పసుపెక్కింది. పురావస్తు శాస్త్రవేత్తలు విమానాల్లో తిరుగుతూ వీలైనన్ని ఫొటోలు తీశారు. వానలు పడగానే పొలమంతా మళ్లీ ఒకే రంగుకి వచ్చేసింది.